కొత్త మూత

మంగళవారం పొద్దెక్కాక
సింహద్వారం దగ్గర హైవే దిగి
మూలుక్కుంటూ నా షెడ్డులోకొచ్చింది.
రేకుల కింద సగం నీడలో ఆగి
ఓ చెంబుడు ఆకుపచ్చ నీళ్లు కక్కింది.

బారువ డిల్లేశు దిగాడు.
ఓడల్లో ఇంజన్లు చూసే మనిషి,
చేతులు నావాటిలాంటివే, గోళ్లే శుభ్రం.
"మీటరు ముల్లు మజ్జనే ఉంది మేస్త్రీ,
సీసా మాత్తరం పొంగిపోతంది."

బోనెట్ ఎత్తాను.
ముప్పై ఏళ్లుగా నేనెరిగిన పిస్టను లేదు,
వాల్వు లేదు, హెడ్డే లేదు.
ఇక హెడ్ గ్యాస్కెట్ పోయిందని దేన్ని పట్టుకుని అనను?
డిల్లేశు ఫోనులో బొమ్మ చూపించాడు:
నడుం నొక్కుకున్న గుడ్డులాంటి గదిలో
బుగ్గలుబ్బిన త్రికోణం
అంచులు రాసుకుంటూ తిరుగుతోంది.
"సమోసానాగుంది" అంది కొర్లమ్మ,
పాలిటెక్నిక్ సెలవుల్లో
నాకు పానాలందించే మా చెల్లి కూతురు.

ముందు మూత మార్చాను.
పాతదాని రబ్బరు చిట్లింది, నిజమే.
రెండొందల ఎనభై.
అంతటితో తీరిపోవాలనుకున్నాను.
రోగం తనకి తెలిసినంత మేరకే ఉండాలని
ఏ మేస్త్రీకుండదు?

గాలి ఇరుక్కుందేమోనని
ముందు చక్రాలు ఇటుకల మీదికెక్కించి
మే నెల మధ్యాహ్నం హీటరు నిండుగా తిప్పి
గేదె పొదుగు పిండినట్టు గొట్టం పిండాను.
పొంగింది.
థర్మోస్టాట్ ఊడదీసి
పక్క టీకొట్టు గిన్నెలో ఉడకేశాను,
తెరుచుకోవలసినప్పుడే తెరుచుకుంది.
బిగిస్తే మళ్లీ పొంగింది.
టర్బో నిప్పులా కాలుతుంది కదా,
ఆపీ ఆపగానే దాని పక్క నీళ్లు మరుగుతున్నాయేమో,
రెండు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి ఆపాను.
అప్పుడూ అంతే.

రాత్రి చేతిపంపుతో ఒత్తిడెక్కించి
ముల్లు పదిహేను మీద నిలబెట్టి
కింద అట్టముక్క పరిచి ఇంటికెళ్లాను.
తెల్లారేసరికి ముల్లు తొమ్మిది.
అట్ట పొడిగా ఉంది.
ఇంటిదొంగ పనే.
నీళ్లు బయటికి కాదు, లోపలికి పోయాయి.

"ఏడెక్కకముందు సూడు మావా,"
సీసా మూత తీసి పట్టుకుంది కొర్లమ్మ.
డిల్లేశు తాళం తిప్పాడు.
వెనక గొట్టంలో తెల్లపొగ, తియ్యటి వాసన.
సీసా అడుగునుంచి ఒక బుడగ,
మరొకటి,
తర్వాత లెక్క తప్పింది.
ఇంజను మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.
చల్లటి నీళ్లు మరగవు కదా.
పలకకీ పలకకీ మధ్య
దారమంత రబ్బరు వలయం ఎక్కడో తెగింది,
లోపలి మంట నీళ్లలోకి ఊదుతోంది.

"గుప్పుడు పసుపు పోసెయ్యి మేస్త్రీ,
బారువ దాకా ఎల్లిపోద్ది."
నవ్వుతూనే అన్నాడు, సగం.

పసుపు ఓసారి పోశాను.
తవిటినాయుడి లారీకి, పలాస జీడిగింజల లోడుకి.
కారడం ఆగింది. నాలుగొందలు తీసుకున్నాను.
కోటబొమ్మాళి దాటాక ఇంజను పట్టేసింది.
ఇప్పుడతను వేరే వాళ్ల లారీ తోల్తాడు,
ఇటొచ్చినప్పుడు నా బల్ల మీదే కూర్చుని టీ తాగుతాడు,
ఆ సంగతి ఎత్తడు.
ఎత్తితే బావుణ్ణు.

"ఇది మొత్తం ఇప్పాలి బాబూ.
నా చేతిలో పని కాదు."
ఈ మాట ఎన్నిసార్లన్నానో లెక్కపెట్టడానికి
ఒక చేతి వేళ్లు ఎక్కువ.

డిల్లేశు మాట్లాడలేదు.
మాసిపోని చేతుల్ని
నా నల్లసబ్బుతో చాలాసేపు కడుక్కున్నాడు.
సాయంత్రం చెన్నై పోయే లారీ మీద
బండిని తాళ్లతో కట్టించాడు.
నాగావళి వంతెన వైపు
దాని వెనక దీపాలు వెలగకుండానే పోయాయి.

"కొత్త మూత దాంతోనే ఎల్లిపోనాది," అంది కొర్లమ్మ,
"డబ్బులడగనేదేటి మావా?"

పాత మూత బల్ల మీదే ఉంది.
బోర్లా తిప్పి, అందులో
చిన్న వాషర్లు వేసుకుంటున్నాం.